పొద్దుగాల అయిదింటి బస్సు

"కాకా, మొన్ననే సర్పంచుకు నిలవడి ఓడిపోయి వస్తివి. మళ్ల ఎంపీటీసీకి నిలవడ్తనని కంపెనీల రాజీనామ ఇచ్చినవంట, నిజమేనా?"

నిజమే బిడ్డా. ఎవడు జెప్పిండు నీకు, వంటింట్ల కూర గెలుకుతున్నడే, వాడేనా? వాని కడుపుల ఒక్క మాట నిలువది. ఇచ్చిన, రాజీనామ ఇచ్చిన. మేనేజరు పిలిచి, గంగారాం, స్టోరు తాళాలు పట్టుకోని కూసునుడే గదా నీ పని, ఇంకో రెండేండ్లు కూసో, ఎందుకు పోతవ్ అన్నడు. ఖలాస్ సాబ్, నాకు ఊర్ల పనున్నది అన్న. ఏం పని అన్నడు. బస్సు తేవాలె అన్న. ఆయనకు సమజ్ గాలె, నా మొకం దిక్కు జూసి కాయితం మీద సంతకం పెట్టిండు. ఏందది, ఫోన్ల రికార్డు జేస్తున్నవా? చెయ్యి చెయ్యి, నాకేం భయం. మనూరి గ్రూపుల ఏసినా ఏం గాదు. నా మీద గెలిచిన తిరుపతి ముచ్చట కాడ మాత్రం జర ఆపు... ఆఁ, వద్దు తియ్, అది గూడ ఉండనియ్యి. వాని గురించి నేను చెడ్డమాట ఏం జెప్ప.

నువ్వు చిన్నోనివి, నీకు ఆ బస్సు యాది ఉండది. మనూరికి నైట్ హాల్ట్ బస్సుండె. అంటె రాత్రి డిపో నుంచి వచ్చి మనూర్లనే ఆగుతుండె. డ్రైవరు, కండక్టరు పంచాయతి ఆఫీసు అరుగు మీద పండుకునేటోళ్లు. మా అవ్వ వాళ్లకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పంపేది. ఒక కండక్టరుండె, పేరేముండె... యాదికి వస్తలేదు, గుబురు మీసాలాయన, మా అవ్వను అక్కా అక్కా అంటుండె. ఆయన డ్యూటీ వేరే రూటుకు మారితె మా అవ్వ వారం రోజులు అలిగింది, సొంత తమ్ముడు మోసం జేసినట్టు. సరే, అది వేరే ముచ్చట. పొద్దుగాల అయిదు గొట్టంగ డ్రైవరు మూడుసార్లు హారను కొట్టేది. ఊరంత దానికే లేస్తుండె. ఆడోళ్లు వాకిట్ల సాన్పి చల్లేది గప్పుడే, బాయికాడికి పోయేటోళ్లు పోయేది గప్పుడే. టౌనుకు టికెట్టు రూపాయి పావలా. పావలా బిళ్ల జూసినవా నువ్వసలు? జూసి ఉండవ్.

నేను మొదటిసారి దుబాయి వచ్చింది గా బస్సుకే. దుబాయి అంటె గీ బహ్రెయినే, మన నోట్ల అన్నీ దుబాయే గదా. గప్పుడు బొంబాయి పోయి ఎక్కాలె. రేకుపెట్టె బస్సు టాపు మీద ఏసిన్రు. రాజవ్వ, అంటె మీ చిన్నమ్మ, మా పెద్దబిడ్డ కడుపుల ఉండె, అరుగు మీద నిలవడ్డది. కిటికీలకెల్లి జూసుకుంట వచ్చిన, మలుపు తిరిగేదాక. గా అయిదింటి బస్సంటె నాకు పానం మహేశా. గీడికొచ్చినంక గూడ, మామీరు క్యాంపుల ఉన్నప్పుడు, పొద్దుగాల కంపెనీ బస్సు హారను కొడితె మనూర్ల ఉన్నననుకోని లేస్తుంటి. లేసి జూస్తె ఎదురుంగ ఫ్యాక్టరీల పొగ.

ఇగ ఆ బస్సు ఎట్ల బందయిందంటె, ఊరవతల మోరి ఉన్నది గదా, వాగు మీద, అది ఒక వానకాలం కూలింది. కూలింది అంటె సగం కూలింది, ఆటో పోతది, బస్సు పోదు. మోరి బాగైతె వస్తం అన్నరు డిపోలోళ్లు. మోరిని ఎవ్వలు బాగు చేయలే. బస్సు పోయినంక ఒక్కొక్క ఇల్లు టౌనుకు పోవట్టె. పిల్లల సదువుకని ఒకలు, దవాఖాన దగ్గరుంటదని ఒకలు. నేను సెలవుల పోయినప్పుడల్ల మన వాడకట్టుల ఇంకో తాళం కనవడేది. పోయినసారి పోయినప్పుడు మనింటి సందుల ఏడు ఇండ్లకు తాళాలు. నాకు కోపమొచ్చింది. బాధ గాదు, కోపం. ముప్పై ఏండ్లకు పైన గీ ఎండల పనిజేసి ఇల్లు కట్టుకున్న, నేను పోయి ఉండేటప్పటికి ఊరే లేకపోతె ఎట్ల? గప్పుడే అనుకున్న, సర్పంచుకు నిలవడ్త, మోరి కట్టిస్త, గా బస్సు తెస్త.

ఇగో, గీడనే నేను జేసిన తప్పున్నది. ఇను.

మనూరోళ్లం గీ దేశంల ఇరవై ముగ్గురం ఉన్నం. నేనేం జేసిన? జుమ్మ జుమ్మకు, అంటె శుక్రారం సెలవు దొరికినప్పుడల్ల, బయలెల్లిన. గుదైబియా రూములన్ని తిరిగిన. మామీరు క్యాంపుకు పోయిన. కర్జకాన్ల తోట పని జేస్తడు మన పోశెట్టి, వాని కాడికి గూడ రెండు బస్సులు మారి పోయిన. పోయి, తమ్మీ, మీ ఇంట్ల ఎన్ని ఓట్లు అని అడిగిన. నాలుగున్నయన్నా, అన్నీ నీకే, మా ఇంట్ల నా మాట దాటరు అన్నడు. రాసుకున్న. ఇంకోడు అయిదు అన్నడు. రాసుకున్న. పోశెట్టి అయితె నా ముంగటనే వీడియో కాల్ జేసి, ఏయ్, గంగన్నకే ఓటు, ఇన్నవా, అని పెండ్లానికి జెప్పిండు. ఆమె ఆఁ అన్నది. రాసుకున్న. సౌదిల ఉన్నోళ్లకు, ఖతర్ల ఉన్నోళ్లకు ఫోన్లు జేసిన. చిన్న నోట్‌బుక్కు నిండింది. విమానం ఎక్కేటప్పటికి నేను సర్పంచునే అనుకున్న.

సెలవు రెండు నెలలు దొరికింది. పోయిన, నామినేషన్ ఏసిన. గుర్తులు పేర్ల వరుస జూసి ఇస్తరు గదా, నాకు ఫుట్‌బాల్ వచ్చింది. మోకాళ్ల నొప్పుల మనిషికి ఫుట్‌బాల్! పిల్లలు ఎన్క వడి నవ్విన్రు. నవ్వనియ్యి. పాంప్లెట్ కొట్టిచ్చిన, నా ఫోటో పక్కకు బస్సు బొమ్మ, కింద పెద్దక్షరాలు: పొద్దుగాల అయిదింటి బస్సు మళ్ల తెస్త. ఒక్కటే మాట. పది మాటలు జెప్పి ఒక్కటీ చెయ్యనోళ్లను మస్తు జూసిన నేను.

ఇంటింటికి తిరిగిన. ఎవలున్నరు ఇండ్లల్ల? ఆడోళ్లు. అరుగుల మీద చాటలు ఒళ్లె పెట్టుకోని బీడీలు చేస్తున్నరు. నేను పోయి, అక్కా, మీ ఆయనతోని మాట్లాడిన, బస్సు తెస్తున్న, ఫుట్‌బాల్ గుర్తు మరువకు అంటుంటి. వాళ్లు చాటలకెల్లి తలకాయ ఎత్తకుంటనే, గట్లనే తియ్ అన్నా, అనేది. నేను ఒప్పుకున్నరనుకున్న. మీ చిన్నమ్మ ఒకసారి అన్నది, జర నన్ను అడుగుతె ఏంది, గీ ఊర్ల నేనుంటున్న గదా, అని. నీకేం ఎరుక ఎలక్షన్లు, నాకాడ రాత ఉన్నది అని నోట్‌బుక్కు జూపిచ్చిన. ఆమె కొంగుతోని చెయ్యి తుడుచుకోని లోపలికి పోయింది.

నా మీద నిలవడ్డది తిరుపతి. ఆటో నడుపుతడు. ఇరవై తొమ్మిదేండ్లుంటయో లేవో. వాడు పాంప్లెట్ కూడ మంచిగ కొట్టియ్యలే, మసక మసకగ ఉండె. నేను వాన్ని లెక్కల కూడ పెట్టలే.

ఓట్లయిన నాడే లెక్కవెట్టిన్రు, బడిల. నా పుస్తకం లెక్క ప్రకారం నేను వంద పైన తోని గెలువాలె. పందొమ్మిది ఓట్లతోని ఓడిన. ఓడిన అని నాకు అర్థమయ్యేటప్పటికి తిరుపతికి దండలు వడ్డయి. వాడు నా కాడికి వచ్చి కాళ్లు మొక్కిండు మహేశా. నాకు సిగ్గయింది. దీవించిన.

ఇంటికొచ్చి కూసున్న. మీ చిన్నమ్మ చాయ్ తెచ్చింది. నేను ఊకుంటె అయిపోయేది గదా, ఊకోలే, అడిగిన. నువ్వన్న నాకే ఏసినవా, అని. ఆమె అన్నది, ఏసిన. నీ మొకం జూసి ఏసిన. బస్సును జూసి గాదు.

బస్సును జూసి ఎందుకు గాదు అన్న. పోయి మీ మేనత్తను అడుగు అన్నది.

మా మేనత్త ఎరికేనా, లచ్చవ్వ, కమాను పక్కింట్ల ఉంటది, ఎనభై ఏండ్లకు వస్తున్నా ఇంక బీడీలు చేస్తది. తెల్లారి పోయిన. పోతె ఇంకో అయిదారుగురు ఆడోళ్లు ఉన్నరాడ, ఆకు కత్తిరిచ్చుకుంట. పోశెట్టి పెండ్లాం గూడ ఉన్నది. నేనే అడిగిన, అత్తా, బస్సు వద్దా మీకు, అని. కోపంగనే అడిగిన, అబద్ధమెందుకు.

లచ్చవ్వ చాట పక్కకు వెట్టింది. గంగారాం, పొద్దుగాల అయిదింటికి ఎవలు పోతరురా, అన్నది. నేను, అందరు పోతరు, అన్న. అందరు గాదు, దుబాయి పోయేటోళ్లు పోతరు, అన్నది. గా బస్సు మీ మామను తీస్కపోయె. నా ఇద్దరు కొడుకులను తీస్కపోయె. నిన్ను తీస్కపోయె. రాత్రి ఖాలీగ వచ్చేది, పొద్దున నిండి పోయేది. ఆ హారను కొడితె మీకు ఊరు లేసినట్టుండెనేమో, మాకు ఇంకొకన్ని ఇయ్యమని పిలిచినట్టుండెరా. మళ్ల దాన్నే తెస్తనంటివి.

ముప్పై ఏండ్లు ఆ బస్సును తలుసుకున్న నేను. నేను దాంట్ల లోపల కూసున్నోన్ని. వాళ్లు అరుగు మీద నిలవడ్డోళ్లు. గంత చిన్న ముచ్చట నాకు గప్పటిదాంక ఎరుక లేదు. ఏడుపొచ్చింది, ఆడోళ్ల ముంగట. రానిచ్చిన.

గప్పుడు పోశెట్టి పెండ్లాం జెప్పింది. అన్నా, మాకు బస్సు వద్దని కాదు. బీడీల కార్ఖానా మనూర్లకెల్లి ఎత్తేసి రెండూర్ల అవతల పెట్టిన్రు. పదకొండింటి లోపట బీడీలు తీస్కపోవాలె, లేకుంటె తీస్కోరు. తిరుపతి ఆటోల తొమ్మిది మందిమి ఇరుకుకోని పోతం, మొన్న మీదిగల్లి మల్లవ్వ పక్కకు జారి వడి చెయ్యి ఇరిగింది. మాకు పదింటికి బస్సు గావాలె. సాయంత్రం నాలుగింటికి వాపస్ గావాలె. నువ్వు అడిగితె జెప్పకపోదుమా? మా ఇంట్ల ఓట్లెన్నని మా ఆయనను అడిగినవ్, నన్నేం అడిగినవ్?

మరి తిరుపతికి ఎందుకు ఏసిన్రు అన్న. నెలలు నిండినోళ్లకు అర్ధరాత్రయినా ఫోన్ జేస్తె ఆటో తెస్తడు, పైసలు రేపియ్యి అంటడు, అన్నరు. నేను ఊరు బాగుచేస్త అన్న, వాడు రోజు ఊరును మోస్తనే ఉన్నడు. నాకు ఓటేస్తెనే తప్పుండె.

ఇంకోడైతె గమ్మున విమానం ఎక్కి వచ్చేటోడు. నేను రాలే. నా సెలవు ఇంక పన్నెండు రోజులున్నది. దరఖాస్తు రాసిన. ఈసారి నేను రాయలే, వాళ్లు జెప్పంగ రాసిన. ఎవలు ఏ పొద్దుకు యాడికి పోవాలె, అన్నీ. సంతకాలు, ఏలిముద్రలు. అది పట్టుకోని డిపోకు పోయినం. ఎట్ల పోయినమనుకున్నవ్? తిరుపతి ఆటోలనే! సర్పంచే డ్రైవరు. వాడు తొవ్వల అన్నడు, పెద్దనాయినా, బస్సు వస్తె నా ఆటో ఏం గావాలె, అని. నిజాయితిగ అడిగిండు. నేను గూడ గట్లనే జెప్పిన, నీకు కొంత దెబ్బనేరా, కాదనను, కాని మల్లవ్వ చెయ్యి ఇరిగింది గదా అన్న. అయినా వాడు డిపో దాంక తీస్కపోయిండు. వద్దనలే.

డిపోల సారు మంచిగనే మాట్లాడిండు. పదింటికి ఒక ట్రిప్పు, నాలుగింటికి ఒక ట్రిప్పు ఏస్తం, టైమింగు మంచిగున్నది, కాని మోరి మీద బస్సు దిగవడితె బాధ్యత ఎవరిది అన్నడు. మోరి కట్టిచ్చుకోని రాన్రి అన్నడు. మోరి పంచాయతి చేతుల లేదు, మండలం నుంచి మంజూరు గావాలె. మండలంల మన మూడూర్ల తరఫున మాట్లాడెటోడు ఎంపీటీసీ. గిదిగో, గట్ల మళ్ల నిలవడుడు వచ్చింది మహేశా. కుర్సీ మీద ఆశ గాదు. కొంత ఉన్నది అనుకో, లేదంటె అబద్ధం. కాని మోరి కోసమే.

ఇప్పుడు నేను మొగోళ్ల కాడికి పోతలేను. పోశెట్టి ఫోన్ జేసి లొల్లి, అన్నా, నా పెండ్లాంతోని నువ్వేం మాట్లాడుతున్నవ్, నన్నడుగాలె గదా, అని. తమ్మీ, నీ ఓటు నాకు అక్కర లేదు, నువ్వు రావు, ఎయ్యవు, ఆమె రోజు ఆడ ఉంటది, అన్న. ఫోన్ పెట్టేసిండు. అలగనియ్యి. మీ చిన్నమ్మనే పొద్దుగాల పనయినంక ఫోన్ పట్టుకోని ఇంటింటికి పోతది, స్పీకర్ ఆన్ జేసి నడుమ పెడ్తది. నోటీసు నెల అయ్యేదాంక నేను గీడ స్టోరుల కూసోని ఇంట. ముందుగాల నేనే మాట్లాడుతుంటి, ఆమె తిట్టింది, జర నోరు మూసుకోని ఇనుమని. ఇప్పుడు మూసుకుంటున్న. మిగతా రెండూర్లకు గూడ పోతున్నది ఆమె. నిజం జెప్పాలంటె నామినేషన్ ఆమెదే ఎయ్యాలె. అడిగిన. మొదటిసారి నువ్వు చెయ్యి, ఎట్ల చేస్తవో జూస్త, మంచిగ చెయ్యకుంటె వచ్చేసారి నీ మీద నేనే నిలవడ్త అన్నది. నవ్వుకుంటనే అన్నది, కాని అంటె చేస్తది.

ఓడిపోతె అంటవా? ఓడిపోతె ఆడనే ఉంట. ఇల్లు ఆడనే ఉన్నది గదా. మండలం ఆఫీసు మెట్ల మీద రోజు పోయి కూసుంట, గెలిచినోడు మోరి కట్టిచ్చేదాంక. గెలిస్తె లోపల కుర్సీల కూసోని అడుగుత. గంతే తేడా.

అగో, ఇంకొకటి. మొన్న మీ చిన్నమ్మ మీ ఇంటికి గూడ పోయింది. నీ పెండ్లాం సుజాతతోని ఫోన్ల మాట్లాడిన. ఏం జెప్పిందో ఎరుకేనా? పదింటి బస్సు వస్తె డిగ్రీ కాలేజీల చేరుత, ఇంటరు కాడ ఆపిన్రు నన్ను అన్నది. ఏంది, గట్ల జూస్తవ్? నీకు జెప్పలేదా? లగ్గమై రెండేండ్లాయె గదరా. నువ్వు అడిగితె గదా జెప్పేది. రోజు ఫోన్ జేస్తవ్, తిన్నవా, పండుకున్నవా, అమ్మ ఎట్లున్నది, గివ్వే గదా. నేను గూడ ముప్పై ఏండ్లు గవ్వే అడిగిన. నిన్నేం అంట నేను.

పో, ఫోన్ జెయ్యి. ఇప్పుడే జెయ్యి. నాకు ఓటెయ్యమని జెప్పకు, ఆమె ఇష్టం. ఏం సదువుతవ్ అని అడుగు.

సల్లంగుండు బిడ్డా. నువ్వు సెలవుల వచ్చేటప్పటికి నాలుగింటి బస్సు నడువాలె. దాంట్ల నీకు సీటు దొరకొద్దు. కార్ఖానకెల్లి వచ్చేటోళ్లు, కాలేజికెల్లి వచ్చేటోళ్లు కూసోవాలె, నువ్వు టౌను కాడికెల్లి ఊరి దాంక నీ సామాన్ కాళ్ల నడుమ పెట్టుకోని నిలవడి రావాలె.